యాభై ఏడేళ్ల నాగలక్ష్మమ్మకు ప్రసూతి సెలవు

నాకు పెళ్లయి ఇరవై మూడు రోజులు. అందుకేనేమో, శివశంకర్ సార్ కార్మికులకు సెలవుల పాలసీ రాయమంటే కూడా శుభలేఖ రాస్తున్నంత సంబరంగా ఉండింది. కడప దాటి ఎర్రగుంట్ల రోడ్డులో సార్‌ది నాపరాళ్ల పాలిష్ యూనిట్. ముప్పై నాలుగు మంది కార్మికులు, ఆఫీసులో నేనొక్కదాన్నే. చట్టప్రకారం రాసిన పాలసీ చూపిస్తేనే కొత్త ఆర్డరు ఇస్తామని బండలు కొనే బెంగళూరు కంపెనీ చెప్పింది.

వారం రోజులు కూర్చుని రాశాను. ఇరవై రోజుల పనికి జీతంతో ఒక రోజు సెలవు. ప్రసూతికి ఇరవై ఆరు వారాలు, అంతకు ముందటి ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసి ఉంటే చాలు. చివర్లో నా అంతట నేనే, పెళ్లికి ఏడు రోజులు అని చేర్చాను.

"ఇది చట్టంలో యాడుండాది మహిమా?" అన్నారు సార్.

"చట్టం రాసినోళ్లకు పెళ్లయి శానా కాలమై ఉంటాది సార్."

ఆయన నవ్వి, ఏడును మూడు చేశారు.

సోమవారం పొద్దున ఆ రెండు పేజీలూ నీళ్ల డ్రమ్ము పక్కన గోడకు అతికించాను. ఫోటో తీసి మా ఆయన శామ్‌కు పంపాను. తను రాజంపేట బస్సులో కండక్టరు. "టికెట్లు కొట్టడం ఆపి చదివినా. బాగుండాది" అని జవాబు వచ్చింది. ఆ ఒక్క ముక్క కోసం పదిసార్లు ఫోను తెరిచి చూసుకున్నాను.

గంటలో మొదటి దరఖాస్తు వచ్చింది. మేస్త్రీ ఓబుళేశు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ప్రసూతి సెలవు. పేరు నాగలక్ష్మమ్మ. ఎనిమిదో నెల.

హాజరు మస్టర్ తీశాను. నాగలక్ష్మమ్మ, వయసు యాభై ఏడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. యాభై ఏడే.

"ఓబుళేశన్నా, ఈమె కడుపుతో ఉందా?"

"ఔ మేడమ్. రెండో కాన్పు."

"యాభై ఏడేళ్లకా!"

"పేరుకు యాభై ఏడు. మనిషికి ఇరవై నాలుగే," అన్నాడు, బయట ఎండగా ఉంది అన్నంత మామూలుగా. గుమ్మం వైపు తిరిగి, "యామినీ, ఇట్రామ్మా" అని కేకేశాడు.

బండలు కడిగే చోటు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మోచేతుల దాకా రాతి బురద. "అది మా అత్త పేరు మేడమ్," అంది. "నాలుగేండ్ల కిందట ఆయమ్మకు మోకాళ్లు పట్టేసినాయి. ఆయమ్మ బదులు నేనొస్తాండా."

"ఈడ పని మనిషిది గాదు మేడమ్, పేరుది," అన్నాడు ఓబుళేశు. "జరమొచ్చినా, ఏమొచ్చినా, ఇంట్లోనించి ఇంగొకరు వచ్చి ఆ పేరు మీద నిలబడతారు. మిషను ఆగదు, కూలీ పోదు."

ఈ యూనిట్లో చేరిన కొత్తలో, ఆరేళ్లుగా ఒక్కరూ ఒక్క పూట కూడా నాగా పెట్టలేదని చూసి నేనెంత మురిసిపోయానో!

"ఇట్లా ఇంకెంతమంది?"

"శానామందే. కంబన్న సచ్చిపోయి రెండేండ్లాయ గదా, ఆయప్ప కొడుకు వస్తాండాడు."

ఆ పొద్దునే కంబన్నను నేను "టీ తాగినావా అన్నా?" అని పలకరించాను. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

సంగతి విని సార్ నా కంటే ఎక్కువ బిత్తరపోయారు. చివరికి, "సెలవెట్లా ఇస్తామమ్మా? కాగితం మీద ఈ పిల్ల ఒక్క దినం గూడా పనిచేయలేదు. పనిచేసినట్టు రాసుండే ఆమెకు కాన్పు లేదు," అన్నారు.

"వద్దులే సార్," అంది యామిని వెంటనే. "మా అత్తే వచ్చి నిలబడతాదంట."

మోకాళ్లు వంగని మనిషి, ఆ తడి బండల మీద.

"మొదటి కాన్పుకు ఏం చేశావు?" అని అడిగాను.

"మా ఆడబిడ్డ వచ్చినాది మేడమ్. పదహైదు దినాలు. మళ్లా నేనే వచ్చినా."

పదిహేను రోజుల బాలింత! సార్ తల దించుకున్నారు.

పాత మస్టర్లన్నీ దించి టేబుల్ మీద పరిచాను. నాగలక్ష్మమ్మ పేరుకెదురుగా ఏళ్ల తరబడి ఊదారంగు వేలిముద్రలు. నాలుగేళ్ల కిందటి జూలైలో వేలిముద్ర ఆగిపోయింది. ఆ నెల నుంచి గుండ్రటి అక్షరాలతో చక్కని సంతకం.

"మీ అత్తకు రాయను వస్తుందా?"

"రాదు మేడమ్. నేను ఇంటరు సదివినా."

ఒక తెల్ల కాగితం ఇచ్చి, అత్త పేరు రాయమన్నాను. రాసింది. అవే అక్షరాలు. మస్టరూ కాగితమూ పక్కపక్కన సార్ ముందు పెట్టాను. "ఎవరు పనిచేశారో ఇక్కడే ఉంది సార్."

ఆయన ఒక్కొక్క పేజీ తిప్పారు. ప్రతి నెలా కింద ఆయన సంతకమే. "చూడకుండానే పెట్టుకుంటా వచ్చినానే," అన్నారు. తర్వాత పెన్ను తీశారు. "యామిని పేరు రాయి. పాత తేదీ నుంచే రాసెయ్."

"పాతవి దిద్దకూడదు సార్. ఆ జూలై నుంచి పనిచేసింది యామినే అని ఈరోజు తేదీతో రాస్తాను. మీరు సంతకం పెట్టండి. మిగతావాళ్లవీ అట్లాగే."

ఈసారి మొత్తం చదివి పెట్టారు.

యామిని, "ఇరవై ఆరు వారాలు నా బదులు ఎవురు రావల్ల మేడమ్?" అని అడిగింది.

"ఎవరూ రానక్కర్లేదు."

"ఎవురూనా?"

"ఎవరూ."

నేను అబద్ధం చెబుతున్నానేమో అన్నట్టు ఓబుళేశు వైపు చూసింది. ఓబుళేశు కూడా అట్లాగే నా వైపు చూశాడు.

మర్నాడు పొద్దున నేను ఆటో దిగేసరికి గేటు దగ్గర కర్ర పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"నేను నాగలక్ష్మమ్మను. పనికి రాలేదమ్మీ, చూసిపోదామని వచ్చినా."

లోపల మిషన్లు తిరుగుతున్నాయి. యామిని నిలబడే చోట ఎవరూ లేరు. నీళ్ల పైపు చుట్ట చుట్టి పెట్టి ఉంది. నాగలక్ష్మమ్మ కదలకుండా అటే చూస్తోంది. సార్ కారు వచ్చింది. ఆమె కర్రను గట్టిగా పట్టుకుంది. సార్ దిగి, ఆ ఖాళీ చోటు చూసి, దాని పక్కగా ఆఫీసులోకి వెళ్లిపోయారు.

"ఏమీ అనలేదే!" అంది నాగలక్ష్మమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.