ఇత్తడి గొంతులో పావలా

మసరత్ సంచి నేనే సర్దాను. సాయంత్రానికి తిరిగొచ్చే పిల్లకు రెండు జతల బట్టలు పెట్టాను. అడుగున పాత నూలు చీర పరిచాను, దాని మీద ఆమె హార్న్ యాంటెన్నా కూర్చోవాలి. ప్రొద్దుటూరులో బిందెలు అతికే ఆయన చేసిచ్చిన ఇత్తడి వస్తువు. నలుచదరపు నోరు, సన్నటి గొంతు, గరాటును పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది.

మసరత్ నా కొడుకు కూతురు. పులివెందులలో ఎంటెక్ చివరి ఏడాది. ఆ రోజు పదకొండు నుంచి పన్నెండు దాకా కాలేజీలో యాంటెన్నాలు పరీక్షించే కొలతల గది ఆమెది. ఆ గంటలో ఫలితం రాకపోతే మళ్ళీ వంతు ఆరు నెలలకు. చదువూ అంతదాకా ఆగిపోతుంది.

అరచేయంత పచ్చటి పలక చూపించింది. దాని నిండా రాగి గీతలు, గాలికి ఒకే వైపు వాలిన జొన్నచేనులా. మెటాసర్ఫేస్ అట.

"హార్న్‌లో నుంచి అల నిలువుగా ఊగుతా వస్తాది దాదీ. ఈ పలక దాటినాక అడ్డంగా ఊగుతాది. అవతల యంత్రానికి అడ్డంగా వచ్చేదే వినపడేది."

"పడుగును పేక చేసినట్టా?"

"అంతే అనుకో. నీకే ఇచ్చేయొచ్చు ఎంటెక్."

మా ఇంట్లో ఊరు దాటేవాళ్ళ కుడిచేతికి ఇమామ్ జామిన్ కడతాం. గుడ్డలో చుట్టిన నాణెం. క్షేమంగా తిరిగొచ్చాక దాన్ని పేదలకు ఇచ్చేస్తాం. కట్టబోతే మసరత్ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆ గదిలోకి ఇవి తప్ప వేరే లోహం తీసుకపోగూడదు. గాజులు గూడా తీసి పోతాండా. మరలు గూడా ప్లాస్టిక్‌వే, చూడు."

అలాంటి మాట ఇంతకు ముందు ఒకసారి విన్నాను. జమ్మలమడుగు బస్టాండులో మా ఆయన వాహిద్ నేను కట్టిన ముడి విప్పి, "విమానం కాడ మిషను కూస్తాదంట, నువ్వే పెట్టుకో జానీ" అని నవ్వుతూ నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు నేను కట్టబోయింది ఆ పావలానే.

మసరత్ టీ కోసం వంటింట్లోకి వెళ్ళింది. పచ్చగుడ్డతో సహా పావలాను హార్న్ గొంతులోకి వేలితో నెట్టాను. కదలకుండా ఇరుక్కుంది. ఆమె వచ్చి, లోపలికి చూడకుండానే నోటికి పలక బిగించి, ఆరు గంటల బస్సెక్కింది.

ఇల్లు ఖాళీ అయింది. పొట్లాల కాగితాల మీద నాకు నేనే అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆమె రాసి పెట్టిన తెలుగు నోట్సు తీసి చదివాను. అలలు మన కంటికి కనిపించవట. దండెం మీది చీరలోంచి, గోడలోంచి, నాలోంచి పోతూనే ఉంటాయట. కళ్ళు మూసుకున్నాను. వెళ్ళిపోయినవాళ్ళంతా ఈ గదిలోనే ఊగుతున్నట్టు, వాళ్ళు నిలువుగా పలుకుతుంటే నేను అడ్డంగా వింటున్నట్టు అనిపించింది.

పదకొండూ ఇరవైకి ఫోన్ మోగింది. మసరత్ గది బయట నుంచి మాట్లాడుతోంది.

"అల బయటికే పోవడంలా దాదీ. పంపిందంతా వెనక్కొస్తాంది."

"వెనక్కి వస్తాందా?"

"ఊ. మళ్ళీ గొంతులోకే."

ఒక్క క్షణం నాకెంత హాయి కలిగిందో. ముప్పై అయిదేళ్ళుగా నేను కోరింది అదే. పావలా పని చేస్తోంది.

"నిన్న బాగుండె. సంచిలో యాడన్నా తగిలిందేమో. ఇంక నలభై నిమిషాలే ఉండాది."

చెప్పకపోతే పావలా ఆమెతోనే ఉంటుంది. చెబితే తీసేస్తుంది.

"పలక విప్పు," అన్నాను. "గొంతులో పావలా ఉంది."



"నిన్నేం చేయాల దాదీ నేను," అని ఏడవబోయి నవ్వింది.

పన్నెండుకు యంత్రం తెర ఫోటో పంపింది. ఒక గీత కిందికి పడిపోయింది, ఇంకొకటి పైకి లేచింది. "అల తిరిగింది" అని కింద రాసింది.

ఏడు గంటల బస్సుకు దిగింది. చేతికి పచ్చగుడ్డ కట్టుకుని ఉంది.

"గది బయటికొచ్చినాక కట్టుకున్యా. ఇప్పుడు ఎవురికిచ్చేది? ఈ కాలంలో పావలా ఇస్తే అడుక్కునే ఆయన గూడా తిడతాడు."

"ఇచ్చేదానికి అది నీ పేరున కట్టింది కాదులే," అని ముడి విప్పుకుని పెట్టెలో పెట్టాను.

అబ్దుల్ వాహిద్ 1990 జూలై 12న కువైట్‌కు వెళ్ళాడు. ఆగస్టులో అక్కడ యుద్ధం వచ్చింది. ఆయన తిరిగి రాలేదు.