అరువు పొద్దు

హుజూరాబాద్ బస్టాండు ఎదురుగా కోమల నడిపే ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పొద్దున్నే గడప కడిగి, ముగ్గేసి, కంప్యూటర్‌కు అగరొత్తి చూపించాకే ఆమె మీట నొక్కుతుంది. కరెంటు బిల్లులు, కాలేజీ దరఖాస్తులు, ఆధార్ కార్డుల్లో తప్పులు, మధ్యాహ్నం దాకా ఇదే పని. ఆ తర్వాత గల్ఫ్‌లో మనుషులున్నవాళ్ళు మెయిళ్ళు చూసుకోవడానికి వస్తారు. వాళ్ళకంటే ముందు లింగవ్వ వస్తుంది, నెత్తిన వడియాల చాటతో.

లింగవ్వకు కంప్యూటర్‌తో ఏం పని అని అడుగుతారేమో. ఆ దుకాణంలో ఎక్కడి మెయిల్ తెరిస్తే అక్కడి పొద్దు వస్తుంది, ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. దుబాయి మెయిల్ తెరిస్తే దుకాణం ముందు ఎండ గంటన్నర వెనక్కి జరుగుతుంది, సాగిన నీడలు మళ్ళీ పొట్టివవుతాయి. సౌదీదైతే రెండున్నర గంటలు. మెయిల్ మూయగానే పొద్దు బుద్ధిగా తన చోటికి తాను పోతుంది. సౌదీ ఎండకు ఎండిన వడియం నూనెలో వేస్తే పువ్వులా విచ్చుకుంటుందని లింగవ్వ నమ్మకం. పక్కన చాయ్ కొట్టు సదానందానికి మాత్రం ఈ వ్యవహారం గిట్టదు. సాయంత్రం చాయ్‌కి వచ్చినవాళ్ళు మళ్ళీ మధ్యాహ్నమైందని లేచిపోతారని అతని ఏడుపు.

ఒకసారి కరీంనగర్ నుంచి కంప్యూటర్ బాగుచేయడానికి సాయిచంద్ అనే మెకానిక్ వచ్చాడు.

“అక్కా, గీ మెయిల్ల సెట్టింగ్ ఎట్లున్నదంటె, పంపినోళ్ళ కాడి టైమే చూపిస్తుంది. అందరు మన టైమే పెట్టుకుంటరు. మార్చాల్నా?”

“మార్చినవంటె లింగవ్వ నిన్ను బతకనియ్యది,” అంది కోమల.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఊరికే పోవడం ఇష్టంలేక, ప్రతి మెయిల్ కిందా వాళ్ళ టైమూ మన టైమూ పక్కపక్కన కనబడేలా పెట్టి పోయాడు. ఆ అంకెలను ఎవరూ పట్టించుకోలేదు. ఎండ కళ్ళముందే జరుగుతుంటే అంకెలతో ఏం పని!

శుక్రవారం వచ్చిందంటే కోమల చూపు రమ కోసం వెతికేది. రమ భర్త రాకేశ్ మస్కట్‌లో కట్టడాల పనికి పోయాడు. కూతురు నెలల పిల్లగా ఉన్నప్పుడు, ఇద్దరినీ తన తల్లి దగ్గర వదిలి పోయాడు. ఆ పిల్ల పేరు మమతారాణి. మనిషి జానెడు, పేరు బారెడు. రమ అతనితో ఫోన్‌లో రోజూ మాట్లాడేది. కానీ ఫోన్‌లో పొద్దు రాదు కదా. అందుకే శుక్రవారం సెలవు రోజున అతను మెయిల్ రాసేవాడు, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు. కోమల మెయిల్ తెరవగానే పడమటి ఎండ గడప దిగి కొంచెం వెనక్కి పోయేది. రమ పిల్లను తీసుకెళ్ళి ఆ ఎండలో కూర్చోబెట్టేది.

“ఇగో బిడ్డా, మీ బాపు పొద్దు. బాపు మీద గూడ గింతే ఎండున్నది.”

పిల్ల ఆ ఎండ మరకను అరచేత్తో చరుస్తూ “బాపు, బాపు” అనేది. అది చూసిన ప్రతిసారీ కోమల ముఖం అటు తిప్పుకుని, బిల్లుల కోసం నిలబడ్డవాళ్ళ మీద ఊరికే కసురుకునేది.

ఈమధ్య రెండు వారాలుగా రాకేశ్ ఫోన్ కలవలేదు. పోయిన శుక్రవారం మెయిల్ కూడా రాలేదు. ఈ శుక్రవారం వచ్చింది. రమ నిలబడే ఉంది. కోమల తెరిచి పైకి చదివింది.

“రమా, నేను మంచిగనే ఉన్న. ఫోన్ కింద పడి పలిగింది. కంపెనీ కంప్యూటర్ల రాస్తున్న. ఇంట్ల మా అవ్వను ఫికర్ చెయ్యొద్దను. మమతారాణి నడుస్తుందా?”

బయట లింగవ్వ చాట పట్టుకుని చూస్తోంది. ఎండ కదల్లేదు. పిల్ల ఎప్పుడూ కూర్చునే చోటికి పోయి, నీడలో చతికిలబడి, నేల తడుముకుంటోంది. రమ ముఖం పాలిపోయింది.

“అక్కా, పొద్దెందుకు కదల్లే? ఆయనకేమన్న అయ్యిందా?”

“ఏంగాలే. మిషన్ అలిగిందేమో, ఉండు,” అని కోమల, దుబాయిలో ఉన్న లింగవ్వ కొడుకు హనుమండ్లు మెయిల్ తెరిచింది. ఎండ గంటన్నర వెనక్కి జరిగింది. మూసి, మళ్ళీ రాకేశ్‌ది తెరిచింది. పొద్దు ఉన్నచోటే ఉండిపోయింది.

అప్పుడు చూసింది కోమల, మెయిల్ కింద సాయిచంద్ పెట్టిపోయిన అంకెలు. వాళ్ళ టైమూ మన టైమూ ఒకటే. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. చెప్పకుండా ఉండటం ఆమె వల్ల కాదు.

“రమా, ఆయన మీద గూడ గీ పొద్దే ఉన్నది.”

రమకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వీధి వంక చూసింది, ఎండ వంక చూసింది. ముందు ఊపిరి పీల్చుకుంది, తర్వాత కళ్ళు ఎర్రబడ్డాయి.

“వచ్చిండా? వచ్చి గూడ ఇంటికి రాలేదా? మేము గంత కానివాళ్ళమైనమా?”

“ఏం మొఖం పెట్టుకొని వస్తడు బిడ్డా?” అంది లింగవ్వ, చాట దించుతూ. “మస్కట్ పోయిన నాడు మేకను కోసి ఊరందరికి దావత్ ఇచ్చిన్రు. డప్పులు కొట్టి బస్సెక్కించిన్రు. గిప్పుడు ఉత్త చేతులతోని వాపస్ అంటె ఎట్లుంటది? నా మొగడు గిట్లనే బొంబాయి పోయి వచ్చి, మూడు నెలలు వరంగల్ల దాక్కున్నడు.”

“మరి నువ్వేమన్నవ్?” అడిగింది రమ.

“ఏమంట? బువ్వ పెట్టిన.”

రమకు ఏడుపులోనే నవ్వొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, కోమల పక్కకు వచ్చి నిలబడింది. ఆమె చెబుతుంటే కోమల కొట్టింది.

“నువ్వు యాడున్నవో నేనడుగ. నీ పొద్దు, మా పొద్దు ఒక్కటైంది, గది చాలు. చీకట్ల దొంగలెక్క రాకు. పొద్దుండంగనే, అందరు చూస్తుండంగ బస్సు దిగు. నేను, బిడ్డ బస్టాండ్ల ఉంటం.”

జవాబు చాలాసేపు రాలేదు. సదానందం కూడా పని ఆపి గుమ్మంలోకి వచ్చాడు. చివరికి వచ్చింది.

“కరీంనగర్ల ఉన్న, గ్రానైట్ ఫ్యాక్టరీల. మస్కట్ల కంపెనీ మూతబడ్డది, అందరిని పంపించిన్రు. తప్పైంది రమా. గని ఇప్పుడు బయలెల్లితె చీకటైతది. రేపొస్త.”

రేపు అన్నవాడు ఎల్లుండి కూడా రాడని కోమలకు తెలుసు. రాత్రంతా కూర్చుని ఆలోచిస్తే సిగ్గు మళ్ళీ పెరుగుతుంది. రమకూ తెలుసు. ఆమె పిల్లను ఎత్తుకుని, బస్టాండు వంక చూసింది.

“రేపు లేదు, గీపు లేదు,” అంది లింగవ్వ. “ఇప్పుడే బస్సెక్కుమను. కోమలా, నా కొడుకు మెయిల్ తెరిచిపెట్టు. జరసేపు గా పొద్దు ఆగుతది.”

కోమల గబగబా కొట్టింది: “బస్సెక్కు తమ్మీ. పొద్దు సంగతి మేం చూసుకుంటం.”

హనుమండ్లు మెయిల్ తెరిచి, ఎవరి చెయ్యీ తగలకుండా మౌస్ తీసి అలమారలో పెట్టింది.

ఊరంతా పొద్దుగూకింది. జమ్మికుంట వైపు పోయే ఆటోలు లైట్లు వేసుకున్నాయి. కోమల దుకాణం ముందు మాత్రం దుబాయి సాయంత్రం పసుపు రంగులో నిలిచి ఉంది. కానీ బస్సు ఎక్కడ ఆగిందో, రాలేదు. చివరికి దుబాయిలోనూ పొద్దు వాలడం మొదలైంది. ఎండ ఎర్రబడి, పల్చబడి, గోడ పైకి ఎక్కిపోతోంది. రమ రోడ్డు వంకే చూస్తోంది.

సదానందం చాయ్ గిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

“మా బామ్మర్ది సౌదీల ఉన్నడు. దసరకు మెయిల్ పెట్టిండు గదా, అది తెరువు కోమలా. ఇంకో గంట దొరుకుతది.”

“నీ చాయ్ గిరాకీ పోతది గదనే,” అంది లింగవ్వ.

“పోనియ్యి. ఒక్కనాడు పోతె ఏమైతది?”

కోమల మౌస్ తెచ్చి ఆ మెయిల్ తెరిచి, మళ్ళీ అలమారలో పెట్టేసింది. సౌదీ ఎండ తెల్లగా, నిండుగా వచ్చి వీధిలో పడింది. బస్టాండు గేటు దాకా పరుచుకుంది. అప్పుడొచ్చింది కరీంనగర్ బస్సు, చీకట్లోంచి లైట్లు వేసుకుని. ఎండలోకి రాగానే డ్రైవరు అలవాటుగా లైట్లు ఆర్పేశాడు.

రాకేశ్ దిగాడు. ఒక సంచి, జుట్టు నిండా రాతి పొడి. తలొంచుకుని నాలుగడుగులు నడిచి, తన నీడను చూసి ఆగాడు. తలెత్తి చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు.

“వచ్చినవా? తిన్నవా?” అంది లింగవ్వ. సదానందం చాయ్ చేతిలో పెట్టాడు. ఆ చాయ్ పట్టుకుని రాకేశ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మమతారాణి ఎండలో కూర్చుని, నేలను చరుస్తూ “బాపు, బాపు” అంటోంది. ఎదురుగా నిలబడ్డ కొత్తమనిషిని ఒకసారి చూసి, మళ్ళీ ఎండతోనే మాట్లాడింది. రమ ఆమెను ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. పిల్ల పెదవి విరిచి ఏడవబోయింది.

కోమల లోపలికి వెళ్ళి, అలమారలోంచి మౌస్ తీసి, మెయిల్ మూసింది.

చీకటి పడింది. పిల్ల కిందికి వంగి ఎండ కోసం వెతికింది. ఎక్కడా లేదు. ఏడుపు మరిచిపోయి, తనను ఎత్తుకున్న మనిషి రొమ్ము మీద అరచెయ్యి పెట్టింది. అది వెచ్చగా ఉంది. మెల్లగా ఒకసారి చరిచి చూసి, “బాపు” అంది.

“పా, ఇంటికి పోదాం,” అంది రమ సంచి అందుకుంటూ. “మీ అవ్వ తినకుండ కూసుంటది.”