విడవని కొక్కెం

నేను ఒక టగ్గు బోటుని; నా కొక్కేన్ని ఎవరో ఇనుప తీగతో బిగించి కట్టేశారని నాకు తెలిసేసరికి, నలభై వేల టన్నుల ఓడ నన్ను అడ్డంగా లాగి పడేస్తోంది.

నేను పుట్టింది విశాఖ తీరంలోని ఒక యార్డులో. ముప్పై రెండు మీటర్ల ఉక్కు ఒళ్లు, రెండు ఇంజన్లు, అరవై టన్నుల లాగుడు బలం. నాకు చుక్కాని లేదు. అడుగున ఉన్న రెండు పంకాలూ ఏ దిక్కుకైనా తిరుగుతాయి, వాటితో పాటే నేనూ. ఓడల్ని రేవులోకి లాక్కొచ్చేది నేను. జనం ఫొటోలు తీసేది ఓడల్ని.

తాడు తగిలించే కొక్కెం నా వీపు మీద ఉంటుంది. నా వీపు నాకెలా కనిపిస్తుంది? ఓడ పక్కనుంచి లాగితే నేను బోల్తా పడతాను. అందుకే కెప్టెన్ చేతి దగ్గర ఎర్ర బటన్ పెట్టారు. నొక్కితే కొక్కెం తెరుచుకుని తాడు వదిలేయాలి.

ఆ ఉదయం ఓడ ఉన్నట్టుండి వేగం అందుకుంది. కెప్టెన్ ఇమ్మానుయేల్ బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తీగ కొక్కేన్ని కదలనివ్వలేదు. నా కుడి అంచు మునిగింది. డెక్కు మీద ఖలాసీ దానేసు నడుం లోతు నీళ్లలో రెయిలింగు పట్టుకుని వేలాడుతున్నాడు.

“మావా! నాను పోతన్నాను!”

అతని మామ పోలిరాజు మా సారంగు, ఖలాసీలందరికీ పెద్ద. తుఫానుల్లో నవ్వే మనిషి, కొయ్యబారిపోయాడు. కెప్టెన్ నా పంకాలు రెండూ గిర్రున తిప్పి, నన్ను ఓడ వైపే ఉరికించాడు. తాడు వదులైంది. వణుకుతూ లేచి నిలబడ్డాను.

కెప్టెన్ దిగి వచ్చి, కొక్కెం మీది గ్రీజు తుడిచి, దాని కింద దాగిన తీగ చూశాడు. “ఎవడ్రా ఇది కట్టింది?”

“దొరికితే ఆ ఎదవనే కొక్కేనికి కట్టీసి లాగుదుం సార్!” అన్నాడు దానేసు, పళ్లు టకటకలాడుతుంటే.

పోలిరాజు అల్లుడి వైపు చూడలేదు.

“నానే బాబూ. మన బోటుని గట్టుకి కట్టి బలం సూసిన రోజున, కొక్కెం దానంతటదే ఊడిపోనాది. తాడు ఈడి తల పక్కనించి ఎల్లింది. ఆ రేత్రి నుంచి నాకు నిద్దర నేదు. మళ్లీ ఊడకూడదని కట్టీసినాను. ఈడు బతకాలనే కట్టినాను బాబూ.”