ఏటిగడ్డపల్లె పటం

కొల్లాపూర్ బస్టాండు ఎదురు సందులో రూపకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడుల వార్షికోత్సవ సంచికలు చేస్తుంది. 2018 మొదట్లో గురవయ్య అనే రిటైరైన టీచరు ఆమెకు మొదటిసారి ఒక పుస్తకం పని ఇచ్చాడు. ముప్పై ఏడేళ్ల కింద కృష్ణ మీద కట్టిన డ్యాం వెనుక నీళ్లలో మునిగిపోయిన తన ఊరు ఏటిగడ్డపల్లె చరిత్ర అది. పుస్తకం నడుమ రెండు పేజీల నిండా ఊరి పటం ఉండాలని ఆయన కోరిక.

పటాన్ని ఆయనే కాగితం మీద గీసుకొచ్చాడు. ఒక గీత లావు, ఇంకోటి సన్నం, పెన్ను ఎట్లా నడిస్తే అట్లా ఉన్నాయి. రూప వాటన్నిటినీ కంప్యూటర్లో మళ్లీ గీసింది. ఒక్కో గీతకు విడిగా మందం పెట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట తేడా పడుతుందని ఆమెకు అనుభవం. అందుకే ముందుగా స్టైళ్లు తయారు చేసుకుంది. ఇంటికి ఒకటి, దారికి ఒకటి, వాగుకు ఒకటి. స్టైలును ఒక్కచోట మారిస్తే ఆ రకం గీతలన్నీ ఒకేసారి మారిపోతాయి.

"ఇండ్లకు రెండు రకాలు పెట్టమ్మా," అన్నాడు గురవయ్య. "ముంపు సర్వే పటంల ఉన్నయి గట్టి గీత. యాది మీద గీసినయి చుక్కల గీత. దేనికి రుజువున్నదో, దేనికి లేదో చదివేటోళ్లకు తెల్వాలె."

రూపకు అది సబబుగానే తోచింది. ఆయన గుర్తు పెట్టి ఇచ్చినట్టే స్టైళ్లు వేసింది. ఊరు గట్టి గీతల్లో వచ్చింది. తూర్పున ఉన్న వాడలోని ఇరవై మూడు ఇళ్లూ చుక్కల్లో వచ్చాయి. సర్వే చేసినవాళ్లు వాడ దాకా పోలేదు.

మార్చిలో ఒక పొద్దున ఏసోబు దుకాణానికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ వాడలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు భార్య మారెమ్మతో పునరావాస కాలనీలో ఉంటున్నాడు. పుస్తకంలో వేయమని తన పెళ్లి ఫోటో తెచ్చాడు. టేబుల్ మీద పటం ప్రింటు కనబడితే వంగి చూశాడు.

"గీ పటంల మా ఇల్లున్నదా బిడ్డా?"

"ఉంది తాతా. ఇగో, చర్చి పక్కన రెండోది."

ఆయన చాలాసేపు చూశాడు. "ఊళ్లె ఇండ్లన్ని గట్టిగ గీసినవు. మాయెందుకు గిట్ల చుక్కలు చుక్కలు పెట్టినవు?"

రూప చెప్పింది.

"అంటే మా ఇండ్లు ఉండెనో లేదో తెల్వదన్నట్టా?"

"గట్ల కాదు తాతా..." అంది రూప.

ఏసోబు కోపం చేయలేదు. "మా నాయిన, నేను మట్టి తొక్కి లేపినం ఆ గోడలు," అన్నాడు. ఫోటో టేబుల్ మీద పెట్టి, తెప్పించిన చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

ఆ రోజు రూపకు వేరే పని మీద మనసు నిలవలేదు. గురవయ్య ఇచ్చిన సర్వే పటం స్కాను తెరిచి, తాను గీసిన దాని కింద పరిచి, ఒక్కో ఇంటినీ సరిచూసింది. ఇంతకుముందు ఆ పని చేయలేదు, గురవయ్య పెట్టిన గుర్తులనే నమ్మింది. ఊళ్లో గట్టి గీతతో ఉన్న నాలుగు ఇళ్లు సర్వేలో లేనే లేవు. అందులో ఒకటి గురవయ్య వాళ్ల ఇల్లే.

మరునాడు ఆయనకు చూపించింది.

"అవి సర్వే అయినంక కట్టినయి," అన్నాడు ఆయన. "మా నాయిన కట్టిన ఇల్లు నాకు తెల్వదా? కండ్లార చూసిన."

"ఏసోబు తాత గూడ కండ్లారనే చూసిండు సార్."

గురవయ్య అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నాకు తట్టనే లేదమ్మా," అన్నాడు. "మా ఇల్లు గీసేటప్పుడు రుజువు సంగతే యాదికి రాలె."

"అన్నీ గట్టి గీత చేయమంటే నిమిషం పని."

"వద్దు. అప్పుడు దేన్ని నమ్మాలె చదివేటోళ్లు? ఎండకాలం నీళ్లు దిగుతయి. పోయి చూద్దాం."

ఉగాదికి అనుకున్న పుస్తకం ఆగింది. గురవయ్య తానే కాలనీకి పోయి ఏసోబును రమ్మని అడిగాడు. మే నెలలో ముగ్గురూ ఆటోలో ఏటి దాకా వెళ్లి, నెర్రెలిచ్చిన ఒండ్రు మీద నడిచారు. ఏసోబు ముందు, టేపు పట్టుకుని గురవయ్య వెనక, కాగితాలతో రూప. ఊళ్లో ఆ నాలుగింట్లో మూడింటి పునాదులు కనబడ్డాయి. గురవయ్య తన ఇంటి రాయి మీది ఒండ్రును చేత్తో తుడిచాడు.

వాడలో ముందు చర్చి మెట్లు దొరికాయి. అక్కణ్నుంచి ఏసోబు అడుగులు కొలుచుకుంటూ ఒక్కొక్కరి పేరూ చెబుతూ పోయాడు. కాలితో మట్టి పక్కకు నెడితే పునాది రాళ్లు బయటపడ్డాయి, ఒకచోట సగం పూడిన రోలు. టేపు ఒక కొస గురవయ్య పట్టుకుంటే ఇంకో కొస ఏసోబు పట్టాడు. పదిహేడు ఇళ్లు దొరికాయి. ఆరు దొరకలేదు. ఏసోబు ఇల్లు ఆ ఆరింట్లో ఉంది. అది ఉండాల్సిన చోట నీళ్లు లోతుగా కోసుకుపోయి గుంత పడింది.

ఆయన గుంత అంచున గొంతుక్కూర్చున్నాడు.

"తాతా, నీది గట్టి గీతలనే పెడత," అంది రూప. "చర్చి దొరికింది కద, దాని పక్కన రెండోదే కద."

"వద్దు బిడ్డా. దొరకనిది దొరకనట్టే పెట్టు. ఉన్నదని చూపెట్టమని కాదు నేనన్నది. గీసే ముందు మమ్ములనొక మాట అడిగితే అయిపోతుండె."

గురవయ్య ఆ మాట విన్నాడు. తిరిగొచ్చాక, పటం కింద గీతల వివరం దగ్గర, చుక్కల గీతకు ఎదురుగా ఉన్న 'ఆధారం లేని ఇళ్లు' అన్నది తానే కొట్టేశాడు. 'ఆ ఇళ్లలో బతికినవాళ్లు చెప్పగా గీసినవి' అని రాశాడు. రూప పదిహేడింటికీ గట్టి గీత స్టైలు వేసింది. మిగిలిన ఆరింటితో పాటు, ఊళ్లో దొరకని ఆ ఒక్క ఇంటినీ చుక్కల్లో పెట్టింది. చుక్కల ఇళ్ల పక్కన, వాటి గురించి చెప్పినవాళ్ల పేర్లు చిన్న అక్షరాల్లో చేర్చింది.

జూన్‌లో కాలనీలోనే పుస్తకం విడుదలైంది. ఏసోబు పటం తెరిచి మారెమ్మ ముందు పెట్టాడు. ఆమెకు చదువు రాదు. వేలితో చర్చి నుంచి వాడంతా తిరిగి, చివర ఆగింది.

"బాలమ్మ గుడిసె ఏది?"

"ఏ బాలమ్మ?" అన్నాడు ఏసోబు.

"మొగడు చచ్చిపోయినంక వాగు ఒడ్డుకు గుడిసేసుకుని ఒక్కతే ఉండె కద. నా కాన్పులకు ఆమెనే దిక్కు."

ఏసోబు ముఖం వాడిపోయింది. "మర్చిపోయిన," అన్నాడు మెల్లగా.

రూప వచ్చి మారెమ్మ పక్కన చాప మీద కూర్చుంది. "తలుపు ఎటు దిక్కుండె అవ్వా?"

మారెమ్మ చెబుతూ ఉంటే రూప తన కాపీలో పెన్నుతో చుక్కలు పెట్టి చతురస్రం గీసింది. పక్కన మారెమ్మ పేరు రాసింది. అప్పటికే నూటా ఎనభై కాపీలు జనం చేతుల్లోకి పోయాయి. మిగిలినవాటి కోసం మరునాడు ఆ పటం ఒక్కటే మళ్లీ అచ్చువేయించి, పాత దాని మీద అంటించింది.