పదకొండో డ్రాగన్

ఫిబ్రవరి ఎనిమిది, శనివారం, మధ్యాహ్నం రెండూ నలభైకి, కెనడాలో, మార్కమ్‌లోని ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, కోదండరామ్ తయారుచేసిన పదకొండో డ్రాగన్ నలుగురు ఆటగాళ్లనూ రెండు రౌండ్లలో చంపేసింది. మొదటిదాని తొలి రెండు ఆటలు తప్పిస్తే, అంతకుముందు పది డ్రాగన్లలో ఏదీ ఆరు రౌండ్లకు తగ్గలేదు. ఏదీ అందరినీ చంపలేదు.

పైన వంటింట్లో అతని భార్య సుధామయి మిరపకాయ బజ్జీలు వేస్తోంది. బేస్‌మెంట్‌లో మాటలు హీటింగ్ గొట్టంలోంచి వంటింటి నేలలోని జాలీ దాకా వస్తాయి. ఆరేళ్లుగా ఆమె ఆ ఆటను అలాగే వింటోంది. పాచికల చప్పుడు ఆగిపోయింది. ఆటగాళ్లలో ఒకడైన తారక్ గొంతు వినిపించింది.

"ఏం బాస్, కిచెనర్ నుంచి స్నోలో డ్రైవ్ చేసుకుని వచ్చింది ఇందుకా? బజ్జీలు కూడా రాకముందే చంపేశావు."

ఎవరో నవ్వారు. కోదండరామ్ నవ్వలేదు. ఆమె బజ్జీలను రెండో వైపుకు తిప్పింది. డ్రాగన్ ఎందుకు అలా చేసిందో ఆమెకు మొదటి రౌండ్‌లోనే తెలిసింది.

ఆట సంగతి ఇది. ఒకరు కథ నడుపుతారు, రాక్షసులను ఆడిస్తారు. అతన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు ఒక్కో వీరుడి పాత్ర తీసుకుంటారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ఏం చేస్తారో చెప్పి పాచిక వేస్తారు. అందరి వంతులూ ఒకసారి తిరిగితే ఒక రౌండ్. రాక్షసులు అచ్చు పుస్తకాల్లో దొరుకుతారు, కానీ కోదండరామ్ సొంతంగా తయారుచేస్తాడు. అవన్నీ డ్రాగన్లే. ఒకటి గోధుమల గోదాములో నిద్రపోతుంది. ఒకటి దీపస్తంభానికి చుట్టుకుని ఉంటుంది. పదకొండోది గడ్డకట్టిన సరస్సు కింద ఉండి ఆవిరి ఊదుతుంది. కథలు బాగా చెబుతాడు. ఆ మాట సుధామయి ఎప్పుడూ కాదనలేదు.

2019 జనవరిలో అతని మొదటి డ్రాగన్ ఒకటిన్నర రౌండ్‌లో చచ్చిపోయింది. నెలపాటు రాసుకున్న కథ అరగంటలో అయిపోయిందని అతను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ప్రాణం రెట్టింపు చేశాడు, దెబ్బ రెట్టింపు చేశాడు, తర్వాతి వారం అది మూడు రౌండ్లకు చచ్చింది. పప్పు కలుపుతూ విన్న సుధామయి అంది: "అది ఒక్కతే. వాళ్లు నలుగురు. దానికి ఒక్క వంతు వచ్చేలోపు వాళ్లకి నాలుగు వంతులు వస్తున్నాయి. ఒక్కళ్లే ఉన్నప్పుడు బలం పెంచితే చాలదు. వంతులు ఇవ్వాలి." అతను తినడం ఆపి ఆమె వైపు చూశాడు. "నువ్వే ఒకసారి చూడవా," అన్నాడు. ఆమె చూసింది. ఆ ఒకసారి ఆరేళ్లయింది.

ఆమె గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కుక్కర్ పెట్టాక, డైనింగ్ టేబుల్ మీద నలుగురు ఆటగాళ్లకు నాలుగు గింజలు, డ్రాగన్‌కు ఒకటి పరిచేది. శనగపప్పు తారక్, పెసర రూప, కంది నిశాంత్, మినుము అభిరామ్. చింతగింజ డ్రాగన్. అయిదుగురి పాచికలూ తనే వేసి, ఒక్కో డ్రాగన్‌ను కనీసం పన్నెండుసార్లు ఆడించి, ఏ రౌండ్‌లో ఎవరికి ఎంత ప్రాణం మిగిలిందో గీతల నోటుబుక్‌లో రాసేది. తారక్ ముందూ వెనకా చూడకుండా దూకుతాడు, కాబట్టి శనగపప్పును దూకించేది. నిశాంత్ ఆఖరి నిమిషం దాకా ఎవరికీ వైద్యం చేయడు, కాబట్టి కందిపప్పును ఆపేది. కింద ఆట టేబుల్ దగ్గర ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. నలుగురు ఎలా ఆడతారో జాలీ దగ్గర విని నేర్చుకుంది. శనివారం పొద్దున కాఫీతో పాటు నంబర్ల కాగితం అతనికిచ్చేది. ఆట మధ్యలో లెక్క తప్పితే అతను మంచినీళ్లకని పైకి వచ్చేవాడు, ఆమె చీటీ మీద రెండు అంకెలు రాసిచ్చేది, అతను గ్లాసుతో దిగిపోయేవాడు.

తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చిన అత్తగారు సీతాదేవి ఆ గింజలు చూసి, పొయ్యి మీద పప్పు పెట్టుకుని ఈ పాచికలేంటి సుధా, అంది. మగపిల్లాడు వారమంతా కష్టపడి ఒకరోజు ఆడుకుంటాడంటే అర్థముంది, నీకెందుకమ్మా, అని కూడా అంది. పక్కనే ఉన్న కోదండరామ్, తనకి లెక్కలంటే సరదాలే అమ్మా, అన్నాడు. సరదా అన్న మాట సుధామయి కొన్నాళ్లు నమ్మింది. అందులో అబద్ధం లేదు కూడా. పన్నెండింటిలో ఎనిమిదిసార్లు వీరులు గెలిచి, నాలుగుసార్లు ఓడి, గెలిచినప్పుడల్లా చివరి దెబ్బ వేరేవాళ్లది అయితే ఆమెకు ఆ రాత్రి వంటిల్లు సర్దుకోవడం తొందరగా అయిపోయినట్టు ఉండేది. ఆఫీసులోనూ ఆమె పని ఇలాంటిదే. సాఫ్ట్‌వేర్ టెస్టర్. రాసినవాడికి కనిపించని తప్పు చూపించడం. విడుదల రోజు వచ్చే ఈమెయిల్‌లో రాసినవాళ్ల పేర్లుంటాయి, కింద 'టెస్టింగ్ టీమ్‌కు కూడా' అని ఉంటుంది. మీటింగ్‌లో నోట్స్ ఎవరు రాయాలన్నప్పుడు మేనేజర్ ఆమె వైపు చూస్తాడు. ఆ నోట్స్ కూడా ఆమే రాసింది. పోయిన ఏడాది కూతురు ఇషిత బడిలో తన కుటుంబం బొమ్మ వేసింది. నాన్న చేతిలో డ్రాగన్, అమ్మ చేతిలో ప్లేటు. కింద వాక్యం: మై డాడ్ మేక్స్ డ్రాగన్స్, మై మామ్ మేక్స్ స్నాక్స్. అది ఫ్రిజ్ మీద అతికించారు. పాలు తీసినప్పుడల్లా ఆమె అది చదివింది.

పదకొండు డ్రాగన్లనూ కలిపి పుస్తకం చేసి, ఫిబ్రవరి పదిహేనున ఇలాంటి ఆటలవాళ్ల సైటులో పెట్టాలని కోదండరామ్ అనుకున్నాడు. మంగళవారం ఆమెకు ఫైల్ పంపి, స్పెల్లింగ్ మిస్టేక్స్ ఉంటే కాస్త చూడమన్నాడు. నలభై ఎనిమిది పేజీలు. ఆమె పదిహేడు తప్పులు దిద్దింది. చివరి పేజీలో ఇలా ఉంది. సృష్టి, బ్యాలెన్సింగ్: కోదండరామ్. టెస్టింగ్: తారక్, రూప, నిశాంత్, అభిరామ్. ప్రత్యేక కృతజ్ఞతలు: నా భార్య సుధకు, ఆమె ఓపికకు, శనివారం స్నాక్స్‌కు.

ఆ పేజీలో స్పెల్లింగ్ తప్పులు లేవు.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. పేరు వేయకపోవడం మరిచిపోవడం కావచ్చు. బ్యాలెన్సింగ్ అంటే ఆ నంబర్లు సరితూచే పని, ఆ మాట పక్కన తన పేరు టైపు చేసుకోవాలంటే మాత్రం అతనికి గుర్తుండాలి. ఆమె అతని వేళ్ల గురించి ఆలోచించింది. ఆ మాట టైపు చేస్తున్నప్పుడు ఒక్క క్షణమైనా ఆగాయా అని. గురువారం అతను, పదకొండోది ఎప్పుడు చూస్తావ్, అని అడిగితే, ఈ వారం చూడను, అంది. ఒంట్లో బాగాలేదా, అన్నాడు. బాగానే ఉంది, అంది. సరేలే నేనే చూసుకుంటా, ఎంతసేపు, అన్నాడు అతను. పదో డ్రాగన్ నంబర్లు తీసుకుని పదకొండోదానికి వేశాడు. పదో డ్రాగన్‌కు ఆమె రౌండ్‌కు మూడు అదనపు వంతులు ఇచ్చింది. ఆ వంతుల్లో అది తోక విసరొచ్చు, కదలొచ్చు, అంతే. మంట ఊదకూడదు. ఆ అంతే అన్నది ఆమె నోటుబుక్‌లో ఉంది, ఆమె తలలో ఉంది. అతను మూడు వంతులూ ఉంచాడు, అన్నింటిలోనూ ఆవిరి ఊదించాడు.

రెండూ నలభై ఎనిమిదికి కోదండరామ్ గ్లాసుతో పైకి వచ్చాడు. సీతాదేవి హాల్లో ఫోన్ చూసుకుంటోంది. అతను గొంతు తగ్గించాడు.

"మళ్లీ మొదటి నుంచి ఆడదాం, పది నిమిషాలు బ్రేక్ అని చెప్పా. ఏది తగ్గించాలో రాసివ్వవా?"

"కిందకి వచ్చి చెప్తా," అంది సుధామయి.

"అందరి ముందా?"

"ఆడేది వాళ్లే కదా."

"బాగోదు సుధా. ఇన్నేళ్లూ నేనే చేస్తున్నానని చెప్పి..." అతను హాలు వైపు చూశాడు. "వాళ్లు ఏమనుకుంటారు?"

ఆమె స్టవ్ ఆపింది. వాళ్లకు చెప్పలేదని ఆమెకు తెలుసు. వేరేగా చెప్పాడని ఇప్పుడు తెలిసింది.

"అయితే నువ్వే చెయ్," అంది.

అతను ఖాళీ గ్లాసుతోనే దిగాడు. తలనొప్పిగా ఉందని, మిగతాది వచ్చే వారం ఆడదామని కింద చెప్పాడు. మూడింటికి నలుగురూ ముందు గది దగ్గర కోట్లు వేసుకుంటున్నారు. చలికాలం ఆ పని తెమలదు. కోటు, టోపీ, గ్లవ్స్, చివరికి బూట్లు. సుధామయి బజ్జీలు డబ్బాలో పెట్టి తెచ్చింది. తారక్ ఒక బూటు ఎక్కించుకుని గోడ పట్టుకుని నిల్చున్నాడు.

"వదినా, మావాడి మీద ఓ కన్నేసి ఉంచండి. ఆరేళ్లలో ఒక్కసారి కూడా లెక్క తప్పనివాడు ఇవాళ మమ్మల్ని ఇడ్లీల్లాగ ఆవిరికి ఉడకబెట్టాడు."

"ఆ పదీ నేను చేశాను," అంది సుధామయి. "ఇవాళ్టిది ఆయన చేశారు."

రూప మఫ్లర్ చుట్టుకోవడం ఆపింది. "ఏవి సుధక్కా?"

"పది డ్రాగన్ల నంబర్లు."

"తను హెల్ప్ చేస్తుంది," అన్నాడు కోదండరామ్. "లెక్కలవీ చెక్ చేస్తుంది. నేనెప్పుడూ కాదనలేదే."

సుధామయి అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. అత్తగారి ముందు ఎప్పుడూ అన్నట్టే మీరు అంది.

"ఏడో డ్రాగన్ నాలుగో రౌండ్ దాకా ఎగరదు. ఎందుకో చెప్పండి."

అతను నోరు తెరిచాడు. రెక్కకి గాయం కదా, కథలో ఉంది, అన్నాడు.

"గాయం మీరు తర్వాత రాశారు. ఎగరకూడదని నేను చెప్పాక." ఆమె అభిరామ్ వైపు చూసింది. అతను ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్లలో ఆమెతో థాంక్యూ అండీ తప్ప ఇంకో మాట అన్నట్టు ఆమెకు గుర్తులేదు. "అభిరామ్ గారి వీరుడికి గొడ్డలి ఒక్కటే. బాణాలు లేవు. డ్రాగన్ మొదట్లోనే ఎగిరిపోతే ఆయన ఆట అయ్యేదాకా ఊరికే కూర్చోవాలి. మూడోదానికి అలాగే కూర్చున్నారు. ఆ రోజు మీది ఒక్క మాట కూడా పైకి వినపడలేదు."

అభిరామ్ తల ఎత్తాడు. "అది నా కోసం పెట్టారా అండీ?" అన్నాడు. "ఏడోదాన్ని చంపింది నేనే."

"తెలుసు," అంది సుధామయి. "పన్నెండుసార్లలో అయిదుసార్లు మీరే చంపారు."

హాల్లో సీతాదేవి ఫోన్ శబ్దం తగ్గించింది. రూప వంగి బూటు జిప్ కిందికి లాగి, విప్పి, పక్కన పెట్టింది. ఆవిరిదాన్ని ఇప్పుడు బాగుచేయొచ్చా అక్కా, అని అడిగింది. చేయొచ్చు అంది సుధామయి. అయిదుగురూ దిగారు. కోదండరామ్ ముందు గదిలో బజ్జీల డబ్బా పట్టుకుని ఉండిపోయాడు, కొంతసేపటికి తనూ దిగి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు సరస్సు కింద డ్రాగన్ ఏడు రౌండ్లు ఆడింది. తారక్ పాత్ర చనిపోయింది. అది ఆరో రౌండ్‌లో, తప్పు అతనిదే.

ఆదివారం పొద్దున దోసెల దగ్గర కోదండరామ్, నువ్వు నాతో విడిగా చెప్పి ఉండాల్సింది, అన్నాడు. థాంక్స్ పేజీలో ఆ వాక్యం మారుస్తానని, లెక్కల సంగతి కూడా రాస్తానని అన్నాడు. థాంక్స్ వద్దు, మొదటి పేజీలో మీ పేరు పక్కన నా పేరు, అంది సుధామయి. అంత తొందరేముంది, ఆలోచిద్దాం, అన్నాడు అతను. పుస్తకానికి ఆరు రోజులుంది.

"పేరుదేముందమ్మా," అంది సీతాదేవి. "ఇంట్లో ఎవరి పేరుంటే ఏంటి. మొగుడూ పెళ్లాల మధ్య అంతా ఒకటే."

"ఒకటే కదత్తయ్యా," అంది సుధామయి. "అయితే నా ఒక్కదాని పేరే వేయమనండి."

సీతాదేవి కొడుకు వైపు చూసింది. కొడుకు పళ్లెం వైపు చూశాడు. ఆమె చట్నీ గిన్నె దగ్గరికి లాక్కుంది.

సుధామయి పెనం కింద మంట ఆపి, చేతులు కడుక్కుని, లాప్‌టాప్ తెరిచింది. ఫైల్ ఇద్దరిదీ. మంగళవారం స్పెల్లింగ్ కోసం అతనే మార్చే వీలిచ్చాడు. ఆమె మొదటి డ్రాగన్ పేజీ నుంచి మొదలుపెట్టింది. గోదాము ఉంచింది, అందులో నిద్రపోయే డ్రాగన్‌ను ఉంచింది, కథ ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కథ అతనిది. దాని కింద ప్రాణం, దెబ్బ, వంతులు ఉన్న పట్టీని తన నోటుబుక్‌తో సరిచూసి తీసేసింది. అలా పది పేజీలు. పదకొండో డ్రాగన్ పేజీలో గురువారం అతను వేసిన పట్టీయే ఇంకా ఉంది. దాన్ని అలాగే ఉంచింది.

ఫైల్‌లో చివరి మార్పు కింద సుధామయి అని ఉంది. సమయం ఉదయం పదీ పదహారు.