కర్చీఫ్ కింద మోగాను

నేను ఒక ఆఫీసు ఫోన్‌ని. జేబుల్లో తిరిగే జాతి కాదు, బల్ల మీద కూర్చునే జాతి. ఒక రిసీవరు, దానికో మెలికల తీగ, అంకెల బటన్లు, నుదుటి మీద చిన్న తెర. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, థర్మకోల్ ముక్కల మధ్య నిద్రపోతూ ప్రయాణం చేసి, భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో కళ్లు తెరిచాను. దారిపొడుగునా ఒకటే ఆశ. నాకూ ఒక యజమాని దొరుకుతాడు, నా మీద దుమ్ము తుడుస్తాడు, నన్ను ‘నా ఫోను’ అంటాడు అని.

ఫోన్లు బిగించడానికి వచ్చిన జిలానీ ఆ ఆశ మీద నీళ్లు చల్లాడు. ఆ కంపెనీ టెక్నీషియన్లు సగం రోజులు చెరువు గట్ల మీదే ఉంటారు. ఖాళీ కుర్చీలకు అద్దె ఎందుకని మేనేజరు గారు బల్లలు తగ్గించేసి, ముందొచ్చినవాళ్లు ఎక్కడైనా కూర్చోవచ్చన్నారు. ఫోన్లూ అంతే. కూర్చున్నవాళ్లు తమ నంబరూ రహస్య సంఖ్యా నొక్కి లాగిన్ అయితే నా తెర మీద వాళ్ల పేరు పడుతుంది, వాళ్లకొచ్చే ఫోన్లు నా దగ్గర మోగుతాయి. లాగౌట్ నొక్కి లేచిపోతే మళ్లీ నేను ఎవరిదాన్నీ కాను. సత్రంలో చాప బతుకన్నమాట.

మనుషులకూ ఈ ఏర్పాటు మింగుడుపడలేదు. సొరుగుల్లోంచి ఆవకాయ సీసాలు బయటికొచ్చాయి. గోడకు అంటించిన దేవుళ్లు ఊడి సంచుల్లోకి వెళ్లారు. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నా అంత గొడవ జరగదేమో.

అందరికంటే ఎక్కువ బెంగ పెట్టుకున్నది తాతారావు గారు. ఆఫీసులో పెద్దాయన. చుట్టుపక్కల రొయ్యల రైతులందరికీ ఆయన ఆఫీసు నంబరు కంఠతా. చెరువులో ఏ తేడా వచ్చినా వాళ్ల వేళ్లు ఆ నంబరు మీదికే పోతాయి. ఆయనకు సెల్లు ఉందిగానీ, అది జేబులో కంటే మనవరాలి చేతిలోనే ఎక్కువ ఉంటుంది. ఆ ఆఫీసు నంబరు పోతే తననిక ఎవరూ అడగరని ఆయన భయం. నంబరు మీతోనే వస్తుంది, ఏ బల్ల దగ్గరైనా నొక్కుకోండని జిలానీ ఎంత చెప్పినా తలకెక్కలేదు. మొదటిరోజు ఆయన నంబరు నొక్కి చూపించింది నా మీద. కాబట్టి అది నాలోనే కాపురం పెట్టిందని తీర్మానించేశారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఇక ఆయన ఏం చేశారో ఆర్టీసీ బస్సెక్కిన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. అందరికంటే ముందొచ్చి, నా మీద లాగిన్ అయ్యి, జేబులోంచి గళ్ల కర్చీఫ్ తీసి నా మీద కప్పి, నిశ్చింతగా టీకి దిగిపోయేవారు. కర్చీఫ్ వేసిన సీటు జోలికి ఎవరూ పోరు. అది మనవాళ్ల అలిఖిత చట్టం. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల సంబరంగానే ఉండేది. కర్చీఫ్ కిందైతేనేం, నాకూ ఒక యజమాని దొరికాడు కదా!

మబ్బు ముసిరిన ఒక ఉదయం ఆ కర్చీఫ్ కిందే మోగాను. చుట్టూ జనం ఉన్నారు. ఒకరు నావైపు చూశారు, కర్చీఫ్ చూశారు, తల తిప్పుకున్నారు. ఆగి మళ్లీ మోగాను. అరవడమే తప్ప ఎందుకు అరుస్తున్నానో చెప్పలేని పుట్టుక నాది. అప్పుడు, కొత్తగా చేరి సీటు దొరక్క నిలబడ్డ ప్రిస్కిల్లా అనే అమ్మాయి కర్చీఫ్ తీసి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుని రిసీవరు ఎత్తింది.

“తాతారావు గారాండీ? పెద్దిరాజునండి. రొయ్య పైకొచ్చేసిందండి! గట్టంట తలలెట్టేసిందండి!”

“ఆయన కిందకెళ్లారండి. నేనూ ఇక్కడ టెక్నీషియన్నే. ఏరేటర్లు తిరుగుతున్నాయాండీ?”

“కరెంటు పోయిందండి. జనరేటర్లో డీజిల్ లేదు. ఈలోగా కాస్త మేతేసెయ్యనా?”

“అమ్మో, మేత వద్దండి! ఉన్న ఆక్సిజన్ కూడా అయిపోతుంది. పక్క చెరువోళ్ల జనరేటర్ నుంచి వైరు లాగించండి. ఆక్సిజన్ గుళికలుంటే రొయ్య గుంపుగా ఉన్నచోట చల్లించండి. ఫోను పెట్టెయ్యకండి, నేను లైన్లోనే ఉంటాను.”

ఏరేటర్లు ఆగి, నీళ్లలో గాలి చాలక రొయ్య తేలింది. ఆ పంట పోతే పెద్దిరాజు మళ్లీ చెరువు వేయగలిగే స్థితిలో లేడు. ఆ సంగతి అతని గొంతులోనే తెలిసిపోతోంది. పరుగులు, కేకలు, ఎవరో నీళ్లలో దూకిన చప్పుడు, అన్నీ నాలోంచే వినిపిస్తున్నాయి. ప్రిస్కిల్లా చెయ్యి చెమటకు తడిసి రిసీవరు జారుతోంది. అయినా వదల్లేదు.

తాతారావు గారు పైకొచ్చి, తన కుర్చీలో ఇంకొకర్ని చూసి మండిపడ్డారు.

“నా కర్చీఫ్ తీసిందెవరమ్మా?”

“లైన్లో పెద్దిరాజు గారున్నారండి. రొయ్య తేలిందంట,” అందామె రిసీవరు దించకుండానే.

ఆయన కర్చీఫ్ మాట మర్చిపోయారు. వంగి రిసీవరు దగ్గర చెవి పెట్టారు. చాలాసేపటికి అవతల ఏరేటర్ల చక్రాలు నీళ్లను కొట్టే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు మోసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

“నేను మూతేసి పోయాను,” అన్నారాయన మెల్లగా. “నువ్వు ఎత్తకపోతే ఏమయ్యుండేదమ్మా?”

ఫోను పెట్టేసి లేవబోతున్న అమ్మాయిని కూర్చోమని, నా మీద లాగౌట్ నొక్కి, పక్క బల్ల ఫోను దగ్గర భయంభయంగా తన నంబరు కొట్టారు. ఆయన పేరు అక్కడ పడింది. “వచ్చేసిందే!” అని చిన్నపిల్లాడిలా నవ్వారు. యజమాని పోయినందుకు నేను ఏడవాలి. కానీ ఆ రోజు నన్ను ఎత్తినామె నా యజమాని కాదు కదా, అయినా పని జరిగింది. నా దుఃఖం అక్కడితో తీరిపోయింది.

చెరువులో రొయ్య పట్టి అమ్మే పట్టుబడి అయ్యాక పెద్దిరాజు మళ్లీ ఫోన్ చేశాడు. ఆ పూట తాతారావు గారు నా దగ్గరే కూర్చున్నారు.

“పంట బయటపడిందండి. షెడ్డు గోడకి సున్నమేయించి మీ నంబరు పెద్ద అక్షరాల్తో రాయిస్తున్నాను. ఆ పాప నంబరు కూడా చెబుదురూ, కింద రాయిస్తాను.”

తాతారావు గారు రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టారు. తర్వాత గదికి అవతల ఉన్న ప్రిస్కిల్లాను కేకేసి నంబరు అడిగి, ఒక్క అంకె కూడా పొల్లుపోకుండా అతనికి అప్పజెప్పారు.

“రాసుకున్నావా? కింద కాదు పెద్దిరాజూ, పైన రాయించు. నా నంబరు కింద ఉన్నా దొరుకుతుందిలే.”

ఆ మాట మోసుకెళ్లే భాగ్యం నాకు దక్కింది. నన్ను చేసిన చేతులు ఎవరివో తెలియదుగానీ, వాటికి దండం పెట్టుకున్నాను.