గోడ నొక్కి చూశాను

అద్దెకు వెళ్లి తిరిగొచ్చిన వోన్‌మొబీల్‌ని కడిగి, మళ్లీ అద్దెకు సిద్ధం చేయడానికి మాకు మూడు గంటలు ఇస్తారు. ముందు మంచాల కింద ఇసుక ఊడ్వాలి. సముద్రతీరం నుంచి వచ్చిన బండయితే ఇసుక ఎక్కడెక్కడ దూరుతుందో చెప్పలేం, చెంచాల అరలో కూడా దొరుకుతుంది. తర్వాత ఫ్రిజ్, స్టవ్ బర్నర్లు, నిలబడితే రెండు మోచేతులూ గోడలకు తగిలే బాత్రూమ్. ఆఖరున టాయిలెట్ డబ్బా. మొదటి వారం ఆ డబ్బా ఖాళీ చేసి ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. రెండో నెలకల్లా ఆ పని చేస్తూనే మా అమ్మతో ఫోన్లో చామదుంపల పులుసు గురించి మాట్లాడేదాన్ని.

వోన్‌మొబీల్ అంటే చక్రాల మీద ఇల్లు. ముందు డ్రైవర్ సీటు, వెనక మంచాలు, మధ్యలో వంటగది. స్టవ్వు, ఫ్రిజ్జు, హీటరు మూడూ గ్యాస్ సిలిండర్ మీదే నడుస్తాయి. అలాంటివి ఇరవై ఆరు అద్దెకిచ్చే చిన్న కంపెనీ ఒకటి హాంబర్గ్ శివార్లలో ఉంది. 2021 మార్చిలో నేను అక్కడ చేరాను. అంతకుముందు ఏడేళ్లుగా నేను శరత్ భార్యను, ఈషా తల్లిని. దానికి కూడా ముందు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టేచోట నాలుగేళ్లు క్వాలిటీ ఇంజనీర్‌ని. బాత్రూముల్లో నీళ్లు నిలబెట్టి, కింది అంతస్తులో తడి కనిపిస్తే మేస్త్రీతో పోట్లాడి మళ్లీ చేయించేదాన్ని. ఆ సంగతి నాకే అప్పుడప్పుడు వేరే ఎవరి గురించో విన్నట్టుండేది.

కరోనా వచ్చాక శరత్ ఆఫీసు మా డైనింగ్ టేబుల్ మీదికి, ఈషా బడి సోఫా మీదికి వచ్చాయి. నేను ఉన్నచోటే ఉన్నాను గానీ, నా చప్పుళ్లు మాత్రం అందరికీ అడ్డమయ్యాయి. మీటింగ్ ఉంటే మిక్సీ వేయకూడదు. ఆన్‌లైన్ క్లాసు ఉంటే కుక్కర్ విజిల్ రాకూడదు. "రాజీ, జర సౌండ్ లేకుండ వండరాదూ?" అనేవాడు శరత్, మైక్ మీద చెయ్యి పెట్టి. మంచిగానే అడిగేవాడు. అట్లా ఏడాదిపాటు చప్పుడు లేకుండా వండాను, చప్పుడు లేకుండా గిన్నెలు తోమాను, చప్పుడు లేకుండా తుమ్మడం కూడా నేర్చుకున్నాను. సూపర్ మార్కెట్ బోర్డు మీద ఈ పని ప్రకటన చూసి వెళ్లిన రోజున యజమానురాలు ఫ్రావ్ పీటర్సన్ నా చేతికి నీళ్ల పంపు ఇచ్చి ఆన్ చేసింది. అది విమానం లేచినంత మోత చేసింది. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, జీతం ఎంతో అడగడం మరిచిపోయాను.

ఇంట్లో చెప్తే శరత్ వద్దనలేదు. "మంచిదే. కానీ ఎవరన్న అడిగితే వెహికల్ కంపెనీల అడ్మిన్ అని చెప్దాం. మనోళ్లకు ఇక్కడి సంగతులు తెల్వయి గదా" అన్నాడు. మనోళ్లంటే హనుమకొండలో ఉన్న మా అత్తమ్మ ఛాయాదేవి గారూ, బంధువులూ అనుకున్నాను. తర్వాత పార్కులో కలిసినప్పుడు శరత్ ఆఫీసులోనే పనిచేసే చలపతి అన్నయ్యతో కూడా "రాజీ అడ్మిన్‌ల చేరింది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చేతులకు ఇంకా బ్లీచింగ్ వాసన వస్తోంది. నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నందుకు రాత్రి దాకా నా మీద నాకే చికాకు.

ఇండియాకు వెళ్లే వీల్లేదు, హోటళ్లు తెరవలేదు. ఆ ఎండాకాలం జర్మనీలో సగం మంది వోన్‌మొబీల్ కొనాలనుకున్నారు, శరత్ కూడా అనుకున్నాడు. చలపతి అన్నయ్య అప్పటికే ఒకటి కొన్నాడు కాబట్టి ఆయనే సలహాదారు. ఇద్దరూ కలిసి ఎక్సెల్ షీట్ తయారుచేశారు. టీవీ సైజు, సోలార్ పలకలు, వెనక కెమెరా, రంగు లైట్లు, అన్నిటికీ మార్కులు. గోడ ఎలా కట్టారు, పైకప్పు దేనితో చేశారు అనేదానికి ఒక్క కాలమ్ లేదు. "పైకప్పు, గోడ కలిసే చోటు చూడాలి శరత్. నీళ్లు అక్కడినుంచే దిగుతయి" అన్నాను ఒకరోజు చపాతీలు ఒత్తుతూ. "అవన్నీ కంపెనీవాళ్లు చూస్కుంటరు. నువ్వు కిచెన్ సంగతి చూడు చాలు" అన్నాడు. వీడియో కాల్‌లో అత్తమ్మ కూడా అదే మాట. "ఇల్లు కదిలినా వంట ఆగది గదా బిడ్డా, కిచెన్ మంచిగున్నది చూస్కోండ్రి." సెలవుల్లోనూ వంట నాదేనని అందరికీ అంత ఖాయంగా ఎలా తెలుసో!

షీట్‌లో తొంభై ఒక్క మార్కులు వచ్చిన బండిని చూడటానికి అపాయింట్‌మెంట్ తీసుకుని, కరోనా లేదని టెస్టు కాగితాలు పట్టుకుని, మాస్కులు వేసుకుని ఒక షోరూమ్‌కి వెళ్లాం. ఆరేళ్ల పాతదే అయినా కొత్తదానిలా మెరుస్తోంది. అమ్మే కుర్రవాడు తాళంచెవి శరత్‌కిచ్చాడు, ఇంజన్ గురించి శరత్‌కి చెప్పాడు, గ్యాస్ హీటర్ గురించి కూడా శరత్‌కే చెప్పాడు. నాకు మాత్రం వంటగది సొరుగు లాగి చూపించాడు. "చూశారా మేడమ్, చప్పుడు లేకుండా మూసుకుంటుంది." నాకు నవ్వొచ్చింది. మాస్క్ ఉండబట్టి సరిపోయింది.

వెనక మంచం మీదికి ఎక్కిన ఈషా వెంటనే దిగిపోయింది. "అమ్మా, దస్ ష్టింక్ట్!" కంపు కొడుతోందట. నేను వెళ్లి పరుపు ఎత్తాను. తడిసి ఆరిన చాపలాంటి వాసన. కిటికీ కింద గోడ మూలను బొటనవేలితో నొక్కాను. గట్టిగా ఉండాల్సిన గోడ నానిన బిస్కెట్‌లా లోపలికి పోయింది. బయటికొచ్చి చూస్తే ఆ మూలనే, పైకప్పు అంచు పొడవునా, నీళ్లు దిగకుండా పూసే పాత సీలెంట్ మీద తెల్లగా కొత్త సీలెంట్ పూసి ఉంది. ఎవరో అతుకు వేశారు. అల్యూమినియం రేకుకీ లోపలి పలకకీ మధ్య ఉండే చెక్క ఫ్రేము ఆ మూల కుళ్లిపోయి ఉంటుంది. ఆ సంగతి ఆ కుర్రవాడికి చెప్పాను, నాకున్న జర్మన్‌లో. అతను శరత్ వైపు తిరిగి, "అది లోపలి ఆవిరి. ఆడవాళ్లు వంట చేసేటప్పుడు కిటికీ తీయకపోతే అలా అవుతుంది" అన్నాడు. శరత్ నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా, "రాజీ, ఇజ్జత్ తీయకు. శనివారం అడ్వాన్స్ కట్టాలె. వేరేవాళ్లు లైన్ల ఉన్నరు" అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో లెక్కలు గుర్తు తెచ్చుకున్నాను: మా ఇరవై ఆరు బండ్లలో ఏ రకానికి తలుపు కీలు ఊడుతుంది, ఏ రకానికి బల్ల కాలు వంగుతుంది, ఏ రకం పదేళ్లయినా గట్టిగా ఉంది. మూడు నెలల్లో డెబ్భై సార్లకు పైగా కడిగాను. ప్రతి స్క్రూ దగ్గరా మోకాళ్ల మీద కూర్చున్నాను. మా ఇంట్లో ఈ విషయం తెలిసిన మనిషి నేనొక్కదాన్నే, నన్ను సొరుగులు చూడమంటున్నారు.

శుక్రవారం పని అయ్యాక ఫ్రావ్ పీటర్సన్‌ని తేమ కొలిచే మీటర్ అడిగాను. అరచేతిలో పట్టేంత పరికరం, గోడకు ఆనిస్తే అంకె చూపిస్తుంది. ఎందుకో చెప్పాను. అరవై రెండేళ్ల మనిషి, సిగరెట్ ఆర్పేసి, "పదిహేను లోపయితే పొడి. ముప్పై దాటితే పారిపో" అంది.

శనివారం చలపతి అన్నయ్య కూడా వచ్చాడు. కాగితాలు బల్ల మీద పెట్టి, కుర్రవాడు శరత్‌కి పెన్ను అందించాడు. నేను సంచిలోంచి మీటర్ తీసి, "ఒక్క అయిదు నిమిషాలు" అని బండెక్కాను. ఆ ముగ్గురూ నా వెనకే ఎక్కారు. డ్రైవర్ సీటు పక్కన పన్నెండు. తలుపు దగ్గర పద్నాలుగు. వెనక మూలన ఆనించగానే కీచుమంది. ముప్పై ఎనిమిది. చెయ్యి కిందికి జరిపితే నలభై మూడు. కుర్రవాడి మెడ ఎర్రబడింది. మీటర్ పాతదేమో అన్నాడు. అయితే మీది తెండి, అది కూడా పెట్టి చూద్దాం అన్నాను. అతను ఫోన్ తీసి చూసుకోసాగాడు.

చలపతి అన్నయ్య నా చేతిలోని మీటర్ వైపూ నా మొహం వైపూ చూశాడు. "చెల్లెమ్మా, అడ్మిన్‌ల కూడ ఇవన్నీ నేర్పిస్తరా?"

శరత్ ఏదో అనబోయాడు. అతనికంటే ముందే నేనన్నాను. "అడ్మిన్ కాదన్నయ్యా. నేను బండ్లు కడుగుతా. టాయిలెట్ డబ్బాలు కూడ నేనే కడుగుతా. కడిగేటప్పుడు అన్నీ కనిపిస్తయి."

ఎంత తేలికగా వచ్చేసిందో ఆ మాట! చలపతి అన్నయ్య చాలా మర్యాదగా, "అయితే మా బండి గూడ ఒక్కసారి చూస్తవా తల్లీ? వానొస్తే వెనక ఏదో వాసనొస్తది" అన్నాడు. నేను ఆపుకోలేక నవ్వేశాను. శరత్ నవ్వలేదు. బండి దిగి, పెన్ను తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

కారులో శరత్, "చలపతి అందరికీ చెప్తడు" అన్నాడు.

"చెప్పనియ్యి. నిజమే గదా చెప్పేది."

"నేనే అబద్ధం చెప్పినట్టయింది."

"అయింది గాదు, చెప్పినవ్ శరత్."

అతను సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చ లైటు వెలిగినా కదలలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. "ఆ షీట్ల గోడలకు కాలమ్ పెట్టమన్నవ్ గదా, నేను వినలే" అన్నాడు గేరు వేస్తూ. క్షమాపణలో సగం. మిగతా సగం కోసం నేను తొందరపెట్టలేదు. చలపతి అన్నయ్య నిజంగానే అందరికీ చెప్పాడు. ఆదివారానికల్లా తెలుగు గ్రూపులోంచి ముగ్గురు ఫోన్ చేశారు, ముగ్గురికీ తేమ భయమే.

రెండు వారాల తర్వాత ఎల్బే నది పక్క పల్లెలో ఒక రిటైరైన టీచరమ్మ అమ్ముతున్న పన్నెండేళ్ల బండి చూశాం. గోధుమరంగు సీట్లు, టీవీ లేదు, రంగు లైట్లు లేవు. శరత్ షీట్‌లో దానికి నలభై కూడా రావు. కానీ పైకప్పు ఒకే ఫైబర్‌గ్లాస్ ముక్క, అంచుల దాకా వంగి దిగింది, మూలల్లో అతుకే లేదు. కిటికీ రబ్బర్లకు ఏటేటా పౌడరు పూసి మెత్తగా ఉంచిందామె. రెండేళ్లకోసారి గ్యాస్ పరీక్ష చేయించిన కాగితాలన్నీ వరసగా ఫైల్లో ఉన్నాయి. రబ్బరు గొట్టం కిందటేడే మార్చింది. నేను సింకు కింద వెల్లకిలా పడుకుని, గ్యాస్ పైపు బిగింపులు ఒక్కొక్కటే తడిమి చూశాను. మొదట్లో శరత్‌తో మాట్లాడిన టీచరమ్మ మెల్లగా నా పక్కకొచ్చి నేలమీద కూర్చుంది. "ఆ బిగింపు నేనే మార్చాను. మా ఆయనకు చేతకాలేదు" అంది రహస్యంలా. ఇద్దరం సింకు కింద పకపకా నవ్వాం. టార్చి పట్టుకుని నిలబడ్డ శరత్, "ఏమైంది? ఏమంటున్నది?" అని అడుగుతూనే ఉన్నాడు. మీటర్ అన్ని మూలలా పదకొండు, పన్నెండు చూపించింది. "తీసుకుందాం" అన్నాను. అతను సరేనని నన్ను మళ్లీ అడగకుండా టీచరమ్మతో చెప్పాడు.

సాయంత్రం వీడియోలో చూపిస్తే అత్తమ్మ మొహం చిట్లించింది. "ఇంత పాతదా? కొత్తది దొరకలేదార?" అంది కొడుకుతో. శరత్ ఫోన్ నా వైపు తిప్పాడు. "రాజీ చూసి తీసుకున్నదమ్మా. ఆమెనడుగు, ఆమెకు తెలుస్తది." ఇరవై నిమిషాలు చెప్పాను, బండి గురించీ, నా పని గురించీ. అత్తమ్మ చివరిదాకా విని, "నాకు సగం సమజ్ గాలే గానీ బిడ్డా, నువ్వింత మాట్లాడతవని నాకు తెల్వనే తెల్వదు" అంది.

సోమవారం మీటర్ తిరిగివ్వడానికి ఆఫీసు గదిలోకి వెళ్లాను. ఫ్రావ్ పీటర్సన్ దాన్ని తీసుకోలేదు, బల్ల మీద నా వైపే నెట్టింది. వచ్చే ఏడాదికి పది పాత బండ్లు కొనబోతోందట. కీల్, బ్రేమెన్ పట్టణాల వైపు వెళ్లి, చూసి, ఏది కొనాలో చెప్పే మనిషి కావాలట. రోజంతా పని, వారానికి రెండు రోజులు ఊరి బయట. తేమ, గ్యాస్, ఫ్రేము అన్నీ రాసిచ్చే బాధ్యత. "ఆలోచించుకుని చెప్పు" అంది.

ఈషాను బడినుంచి ఎవరు తెస్తారు, వంట ఎవరు చేస్తారు, అత్తమ్మ ఏమంటుంది అని ఏడేళ్లుగా నా తలలో తిరిగే ప్రశ్నలన్నీ వరసగా లేచాయి. వాటికి జవాబులు శరత్ కూడా వెతకవచ్చు అనిపించింది. "ఎప్పటినుంచి రావాలి?" అని అడిగాను. జీతం ఎంతో కూడా అడిగాను. ఆమె చెప్పిన తేదీకి తలూపి, చేయి కలపకూడని రోజులు కాబట్టి మోచేతికి మోచెయ్యి తగిలించి బయటికొచ్చాను. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, రెండు స్టాపులు దాటాక గమనించాను: ఇంట్లో అడిగి చెప్తాను అని నేను అననే లేదు.